కొత్త మీటరు, పాత అబద్ధం

మొన్న బావ ఫోన్ చేశాడు. "బోటు డ్యాష్‌బోర్డుకి ఆరు మీటర్లూ ఒక సెట్‌గా దొరుకుతున్నాయిరా, తెల్ల డయల్, మెరిసే రింగు, ఒక ఆదివారం కూర్చుంటే పనైపోద్ది, ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. నేను వద్దన్నా. ఎందుకొద్దో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయా, నసిగా, ఆయనేమో "నువ్వు మార్చుకున్నావుగా, నాకెందుకు వద్దంటావ్" అని పెట్టేశాడు. అడిగింది న్యాయమే. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

నేను మార్చుకున్న మాట నిజం. తొంభైల నాటి బోటు, వీ6 పెట్రోల్ ఇంజిన్, కార్బ్యురేటర్, స్టెర్న్ డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్ వెనక బయట). కొన్నప్పుడు డ్యాష్‌బోర్డు చూస్తే ఏడుపొచ్చేది. ఎండకి అద్దాలు పసుపెక్కిపోయాయి, రెండింటిలో లోపల ఆవిరి పట్టి పొద్దున పూట అంకెలే కనిపించవు, ఆర్పీఎం ముల్లు ఎరుపు పోయి తెల్లబడి డయల్‌లో కలిసిపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కొన్న నెలలోనే మొత్తం సెట్ తెప్పించి బిగించేశా. ఫోటోలు తీసి అందరికీ పంపా. ఆ ఫోటోలు చూసే బావకి ఈ కోరిక పుట్టిందనుకుంటా, తప్పు నాదే.

కొత్త మీటర్లు వద్దని కాదు నేననేది. మార్చే వరసలో డయల్ ఆఖర్న రావాలి. వైరు, ఎర్త్, సెండర్ (వేడి, ప్రెషర్, పెట్రోల్ మట్టం కొలిచి వైరు మీద మీటర్‌కి చెప్పే సెన్సర్), ఇవన్నీ అయ్యాక. దాన్ని ముందు మారిస్తే పాత తప్పుకి కొత్త అద్దం తొడిగినట్టే, పైగా పాతదాన్నైతే అనుమానంగా చూసేవాళ్లం, కొత్తదాన్ని నమ్మేస్తాం.

ఇంజిన్ కాగిన రోజు

సెట్ బిగించిన కొన్ని వారాలకి జరిగింది. ఇంజిన్ బాగానే తిరుగుతోంది, టెంపరేచర్ ముల్లు 150 ఫారెన్‌హీట్ దగ్గర ఉంది, కంగారు పడే అంకె కాదది. వెనక కూర్చున్న మా తమ్ముడు "అన్నా, రబ్బరు కాలిన వాసనొస్తోంది" అన్నాడు. నేను మీటర్ వైపు చూసి "ఏం కాదు, చల్లగానే ఉంది" అన్నా. ఇంకో నిమిషానికి వాడు మళ్లీ అరిచాడు, ఈసారి తిరిగి చూస్తే ఎగ్జాస్ట్ దగ్గర ఆవిరి. ఆపేశా. కవర్ ఎత్తితే ముఖానికి కొట్టిన వేడి ఇంకా గుర్తుంది. నీళ్ల పంపు ఇంపెల్లర్ రెక్కలు విరిగిపోయాయి, ఇంజిన్‌కి నీళ్లు సరిగా వెళ్లట్లేదు.

ఇంపెల్లర్ పోవడం మామూలే, అది అరిగే వస్తువే. నన్ను కుదిపింది మీటర్. అంత వేడిలో 150 చూపించిందంటే ఏంటి? ఇంటికొచ్చి మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే తెలిసింది: సెండర్ మీద గుచ్చిన వైరు కొస లోపలంతా పచ్చగా చిలుము పట్టి ఉంది, ఆ ఒక్క జాయింట్‌లోనే 60 ఓమ్‌ల దాకా రెసిస్టెన్స్.

దీని లెక్క చూడండి. టెంపరేచర్ సెండర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లగా ఉన్నప్పుడు వందల ఓమ్‌లు, బాగా కాగితే పదుల్లోకి దిగిపోతుంది. మధ్యలో చిలుము ఒక 60 ఓమ్‌లు కలిపితే మీటర్‌కి అది "ఇంకా చల్లగానే ఉంది" అని అర్థమవుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వందల్లో 60 కలిస్తే పెద్దగా తేడా రాదు, ఇంజిన్ కాగి సెండర్ డెబ్భై ఎనభైకి దిగినప్పుడు 60 కలిస్తే మీటర్‌కి దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అంటే ఆ జాయింటు అవసరం లేనప్పుడు కొంచెం, ప్రాణం మీదకొచ్చినప్పుడు చాలా అబద్ధం చెబుతుంది.

సరిగ్గా ఇలాంటి చిలుమే ఆయిల్ ప్రెషర్ వైరు మీద ఉంటే? అమెరికా పద్ధతి సెండర్లలో ప్రెషర్ సున్నా అయితే 240 ఓమ్‌లు, పూర్తిగా ఉంటే 33. రెసిస్టెన్స్ పెరిగితే ప్రెషర్ తక్కువ చూపిస్తుంది, మనం కంగారుపడి ఆపుతాం. పెట్రోల్ మీటర్‌కీ ఖాళీ ట్యాంక్ 240, నిండుది 33, కాబట్టి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, మనం ముందే నింపుకుంటాం. ఆ రెండూ అబద్ధమాడినా మన మంచికే. టెంపరేచర్ ఒక్కటే ప్రమాదం వైపు అబద్ధమాడేది. ఎవరైనా ఒక్క గంట మాత్రమే టైముంది ఏం చెయ్యమంటావని అడిగితే, ఆ ఒక్క వైరు రెండు కొసలూ కోసి కొత్తవి క్రింప్ చెయ్యమంటా, అమెరికా బోట్లలో అది లేత గోధుమరంగు వైరు.

ఇంకో సంగతి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పాత మీటర్ మామూలు రోజుల్లో 120 దగ్గర ఉండేది. కొత్తది పెట్టాక అదీ 120 దగ్గరే నిలబడింది. "చూశావా, పాతది కరెక్టే" అనుకున్నా. ఆ ఇంజిన్ నేరుగా బయటి నీళ్లతో చల్లబడేది, ఇంజిన్ కాగేదాకా నీళ్లని ఆపే థర్మోస్టాట్ తెరుచుకునేదే 140 దగ్గర. థర్మోస్టాట్ 140ది ఉండగా ఇంజిన్ ఎప్పుడూ 120లో నడవడమేంటని నాకు తట్టలేదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారని నమ్మా, ఇద్దరికీ ఆ మాట చెప్పింది ఒకే చిలుము పట్టిన వైరని ఆలోచించలేదు.

మరి వేడెక్కితే మోగే బజర్ ఏమైందని అడుగుతారు. మీటర్లు మార్చేటప్పుడు దాని వైరు ఊడదీసి, మళ్లీ పెడదాంలే అని ప్యానెల్ వెనక వదిలేసింది నేనే. దానికి వేరే స్విచ్ ఉంటుంది, మీటర్ సెండర్‌తో సంబంధం లేదు, మీటర్ ఏం చెప్పినా అది తన పని తను చేసేది. ఆ రోజు దాన్నే మూగదాన్ని చేశా.

ట్యాంక్ నిండేకొద్దీ దిగిన ముల్లు

నా మొదటి ఆర్డర్‌లో ఇంకో కామెడీ ఉంది. పెట్రోల్ మీటర్ ఒక్కటి వేరే చోట బాగుందని తెప్పించా, పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, 52 మిల్లీమీటర్ల రంధ్రంలో చక్కగా కూర్చుంది. మొత్తం ట్యాంక్ నింపా. ముల్లు ఖాళీ దగ్గరికి పోయింది. కొంచెం తిరిగొచ్చాక చూస్తే కాస్త పైకెక్కింది. బోటు నడిపేకొద్దీ పెట్రోల్ పుట్టుకొస్తోందని తమ్ముడు ఒకటే నవ్వు.

అది యూరప్ పద్ధతి మీటర్. దానికి ఖాళీ అంటే 10 ఓమ్‌లు, నిండు అంటే 180. మా సెండర్‌ది 240 నుంచి 33, అంటే పూర్తిగా తలకిందులు. తిరగబడింది కాబట్టి వెంటనే దొరికింది, అదృష్టం. కార్ల కోసం చేసిన 0 నుంచి 90 ఓమ్‌ల రకం ఇంకోటుంది, అది దొరికితే ఇంకా అయోమయం. పై డెక్ మీద కూడా స్టీరింగ్ ఉన్న బోట్లలో రెండు మీటర్లు ఒకే సెండర్‌ని చూస్తాయి, అక్కడ సెండర్ విలువలు దాదాపు సగం ఉంటాయి, పైదొకటీ కిందదొకటీ విడివిడిగా మార్చాలనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. బావ చూసిన సెట్ పేజీలో రింగు రంగు నాలుగు చోట్ల రాశారు, ఓమ్‌లు ఒక్క చోటా రాయలేదు.

సరైన మీటర్ పెట్టాక కూడా పెట్రోల్ విషయంలో నాకు పూర్తి నమ్మకం లేదు. సెండర్ చూసేది ఎత్తుని, లీటర్లని కాదు. బోటు అడుగు వీ ఆకారంలో ఉంటుంది కాబట్టి చాలా ట్యాంకులూ కిందికి సన్నబడతాయి. పూర్తి త్రికోణం అనుకుంటే సగం ఎత్తులో మిగిలేది నాలుగో వంతు మాత్రమే. "సగం ఉంది కదా, ఇంకొంచెం దూరం పోదాం" అన్న మాట ఒకసారి నేనూ అన్నా, తర్వాత తాడుతో లాగించుకుని వచ్చాం. ఈ తప్పు ఏ కొత్త మీటరూ సరిచెయ్యలేదు. ఇప్పుడు ట్యాంక్ ఖాళీ నుంచి పది పది లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడెక్కడ ఆగుతోందో రాసుకున్న చీటీ ఒకటి స్టీరింగ్ పక్కన అంటించి ఉంది, అందానికి పెద్ద దెబ్బే.

ఆర్పీఎం మీటర్ సంగతి ఇంకా విచిత్రం. దాని వెనక ఎన్ని సిలిండర్లో చెప్పే చిన్న స్విచ్ ఉంటుంది. నాకొచ్చినదాంట్లో అది 8 మీద ఉంది, నేను చూసుకోలేదు. మాది 6. ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఇంజిన్ ఒక చుట్టుకి మూడు పల్సులు ఇస్తుంటే అది నాలుగు కోసం చూస్తుంది, అంటే నిజంలో ముప్పావు వంతే చూపిస్తుంది. ఇంజిన్ 4400 తిరుగుతుంటే మీటర్‌లో 3300. ఫుల్ థ్రాటిల్‌లో 3300 దాటట్లేదంటే ఎవరైనా ఏమంటారు? ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైంది, తగ్గించు అంటారు. ఒక పెద్దాయన అదే అన్నాడు, నేనూ తక్కువ పిచ్‌ది కొనబోయా. కొని ఉంటే ఇంజిన్ దాని హద్దు దాటి తిరుగుతుండేది, మీటర్ మాత్రం అంతా బాగుందనేది. అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్) ఉన్నవాళ్లకైతే ఆ స్విచ్ సిలిండర్లని కాదు, ఆల్టర్నేటర్ పోల్స్‌ని బట్టి పెట్టాలి, 12 పోల్స్ అయితే చుట్టుకి 6 పల్సులు. అన్నట్టు పాత ఆర్పీఎం మీటర్ ముల్లు వణుకుతుంటే పారేసే ముందు ఆ స్విచ్‌ని పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూడండి, చాలాసార్లు లోపల పట్టిన మసి పోయి అదే బాగుపడుతుంది.

బావ మాటలోనూ న్యాయముంది

ఇంతా చెప్పి బావ వైపు నుంచి చూడకపోతే ఎలా. ఆయన అనేది ఇదీ: ఆవిరి పట్టి అంకె కనిపించని మీటర్ వెనక వైరింగ్ ఎంత బంగారంలా ఉంటే మాత్రం ఏం లాభం, చదవలేని మీటరూ లేని మీటరూ ఒకటే. నిజం. నేను "గుడ్డి కన్నా మెల్ల మేలు" అని పాతవాటినే వెనకేసుకొచ్చా గానీ, ఎదురెండలో ఆయన బోటు ఆయిల్ ప్రెషర్ మీటర్ చూశాక అది మెల్ల కాదు, గుడ్డే అని ఒప్పుకోవాల్సి వచ్చింది. అద్దం ప్లాస్టిక్ పైపైన పసుపెక్కితే పాలిష్‌తో కొంత వస్తుంది. ఆవిరి లోపల చేరిందంటే సీల్ పోయినట్టే, ఆరబెట్టినా మళ్లీ వస్తుంది, దాన్ని మార్చాల్సిందే.

ఆయన రెండో మాట ఇంకా గట్టిది: "ఎలాగూ ప్యానెల్ విప్పుతాం, ముప్పై ఏళ్ల మీటర్లు ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి, ఆరుసార్లు డ్యాష్ కింద తల దూర్చే బదులు ఒక్కసారి చేస్తే పోలా?" దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. డ్యాష్ కింద వెల్లకిలా పడుకుని కళ్లల్లో చెత్త పడుతుంటే నట్టు తిప్పినవాళ్లెవరూ ఆరుసార్లు చెయ్యమని చెప్పరు. నేననేది ఒక్కటే, ఆరూ ఒకే రోజు మారిస్తే తర్వాత వచ్చే తేడా దేనివల్లో తెలియదు. ఆయిల్ ప్రెషర్ పాతది 40 పౌండ్లు చూపించేది, కొత్తది 30 చూపిస్తోంది, ఏది నిజం? మీటరా, సెండరా, నువ్వు కొత్తగా బిగించిన ఎర్తా? ఒక్కోటి మార్చి, ఇంజిన్ తిప్పి చూసి, తర్వాతదానికి వెళ్తే ఈ తలనొప్పి ఉండదు. అందుకు రెండు ఆదివారాలు పడితే పట్టనీ.

మూడోది మా తమ్ముడి వాదన, అసలు ఇవన్నీ పీకేసి ఒక్క స్క్రీన్ పెట్టెయ్ అని. కంప్యూటర్‌తో నడిచే కొత్త ఇంజిన్ అయితే నేనూ అదే అంటా, ఇంజిన్ తనంతట తనే ఎన్‌ఎంఈఏ 2000 లైన్ (బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కేబుల్) మీద అన్నీ చెబుతుంటే ముళ్ల మీటర్లు పెట్టుకోవడం చాదస్తం. మాది కార్బ్యురేటర్ ఇంజిన్. దానికి స్క్రీన్ పెట్టాలంటే అవే పాత సెండర్లు, అవే వైర్లు, మధ్యలో ఒక కన్వర్టర్ పెట్టె. చిలుము పట్టిన జాయింట్ అప్పుడు కూడా 60 ఓమ్‌లు కలుపుతుంది, కాకపోతే స్క్రీన్ మీద 151 అని ఖచ్చితంగా అంకెలో వస్తుంది, అప్పుడింకా ఎక్కువ నమ్ముతాం. స్క్రీన్ ఆరిపోతే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి కూడా. ముల్లుకి ఇంకో సుఖముంది, చదవక్కర్లేదు. రేసు కార్లవాళ్లు మీటర్లని తిప్పి బిగిస్తారు, అంతా బాగున్నప్పుడు ముళ్లన్నీ నిట్టనిలువుగా ఉండేట్టు. ఒకటి వాలితే తల తిప్పకుండానే తెలిసిపోతుంది. నేను టెంపరేచర్, ఆయిల్ రెండూ అలాగే తిప్పి పెట్టా, చూసినవాళ్లంతా వంకరగా బిగించావంటారు.

ఆలోచించకుండా మార్చాల్సింది

నా వాదనకి ఎదురెళ్లేది ఒకటుంది, అది ఆమీటర్. మరీ పాత బోట్లలో చార్జింగ్ కరెంటు మొత్తం లావు వైర్ల మీద డ్యాష్ దాకా వచ్చి ఆ మీటర్ గుండా వెనక్కి పోతుంది. దాని వెనక నట్టు వదులైతే అక్కడే వేడెక్కుతుంది, పైగా మధ్యలో ఎవరో పెద్ద ఆల్టర్నేటర్ పెట్టి ఉంటే ఇంకా ప్రమాదం. అది బాగా పనిచేస్తున్నా సరే తీసేసి వోల్ట్ మీటర్ పెట్టాలి. ఇంజిన్ ఆగి ఉంటే 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చాలు. ఆ లావు వైర్ల రెండు కొసల్నీ సరిగా మూసి, ఆల్టర్నేటర్ దారి మళ్లీ కలిపి చెయ్యాలి, తెలియకపోతే తెలిసినవాళ్లతో చేయించుకోవడమే.

స్పీడోమీటర్ జోలికి నేను పోలేదు. నీళ్ల ఒత్తిడితో నడిచేది, పిటాట్ గొట్టంలో నాచు ఇరుక్కుంటే చచ్చిపోతుంది, సన్న తీగతో పొడిస్తే బతుకుతుంది. ఒత్తిడి స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 30 మైళ్ల దగ్గర ఉండే ఒత్తిడిలో తొమ్మిదో వంతే 10 దగ్గర ఉంటుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు దాని మాట పట్టించుకోవడం దండగ. జీపీఎస్ చేతిలోనే ఉంది. కానీ జీపీఎస్ చెప్పేది నేల మీద స్పీడు, ఇది చెప్పేది నీళ్లలో స్పీడు, ప్రవాహం ఉన్నప్పుడు రెండిటి తేడా చూడ్డం నాకు సరదా, అంతకుమించి కారణం లేదు.

ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ గురించి మాత్రం ఒక మాట. కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. రేపు బోటు అమ్మేటప్పుడు కొత్తదాంట్లో ఉన్న 40 గంటలు చూపించి ఊరుకోవడం మోసమే. పాతది ఆగిన అంకె, మార్చిన తేదీ రాసి ప్యానెల్ వెనక అంటించా, పాత మీటర్ కూడా పారెయ్యలేదు.

బావకి చెప్పిన వరస

నిన్న మళ్లీ నేనే ఫోన్ చేశా. మీటర్ పాసో ఫెయిలో తేల్చడానికి అయిదు నిమిషాలు చాలని చెప్పా. ముందు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) 4 నిమిషాలు వేసి వాసన చూడు, కీ ఆన్ చెయ్, మీటర్ వెనక సెండర్ స్టడ్ (వైరు బిగించే బోల్టు) నుంచి వైరు తీసెయ్, ముల్లు కింది చివరికి పడాలి. ఆ స్టడ్‌ని ఎర్త్‌కి తాకించు, పై చివరికి ఎగరాలి. ట్యాంక్ దగ్గర ఈ ఆట ఆడొద్దు, నిప్పురవ్వ వస్తుంది, మీటర్ దగ్గరే చెయ్. ఇంకా అనుమానముంటే 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి మధ్యలో పెట్టి చూడు, పెట్రోల్ మీటర్ సగం దగ్గర ఆగాలి. ఇవన్నీ సరిగా చేస్తే మీటర్‌లో ప్రాణముంది, రోగం వైరులోనో సెండర్‌లోనో ఉంది.

తర్వాత నలుపు వైరు. ఫ్యాక్టరీ వాళ్లు ఒక మీటర్ నుంచి ఇంకో మీటర్‌కి గొలుసులా ఎర్త్ లాగుతారు, మొదటి నట్టు వదులైతే మొత్తం వరస తూలుతుంది. లైట్లు వెయ్యగానే ముళ్లన్నీ ఒకేసారి కదిలితే అదే. ప్యానెల్ వెనక ఒక రాగి పట్టీ పెట్టి ఒక్కో మీటర్‌కీ విడి ఎర్త్ ఇస్తే సగం రోగాలు అక్కడే పోతాయి, కళాయి పూసిన మెరైన్ వైరు వాడితే మళ్లీ చిలుము అంత తొందరగా పట్టదు. బ్యాటరీ నెగెటివ్ తీసేసి చెయ్యమని రెండుసార్లు చెప్పా. సెండర్ మార్చితే మరకి టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టొద్దని కూడా చెప్పా, ఒంటి వైరు సెండర్‌కి ఆ మరే ఎర్త్. చుట్టి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా.

ఈ రోజు పొద్దున బావ ఫోటో పంపాడు. టెంపరేచర్ వైరు లాగితే కొస చేతిలోకే వచ్చేసిందంట, లోపల పచ్చటి పొడి. ఆయిల్ ప్రెషర్ మీటర్ టెస్ట్‌లో పాసైంది, కాకపోతే ఆవిరి. పెట్రోల్ మీటర్ ఎటూ కదల్లేదు, అది నిజంగానే పోయింది. అంటే ఆరింటిలో రెండు మారిస్తే చాలని మెసేజ్ పెట్టా.

కింద ఇంకో ఫోటో ఉంది, తెల్ల డయళ్ల సెట్ అట్టపెట్టె. ఆర్డర్ మొన్నే పెట్టేశాడంట. వెనక స్టిక్కర్ మీద 240-33 అని ఉందో లేదో చూడమన్నా, ఇంకా జవాబు రాలేదు.